రాతిలో తొలిచిన సమాధి ఎవరిది? ఆనవాళ్లు చదివే పద్ధతి, మెట్టు మెట్టుగా

జర్మనీలో ఉంటున్న మిత్రుడొకరు సెలవులకు టర్కీ వెళ్లి, డాల్యాన్ అనే ఊరి నుంచి ఒక ఫొటో పంపారు. నది అవతల నిటారుగా లేచిన కొండ, దాని నడుము దగ్గర వరసగా గుడి వాకిళ్లలాంటి సమాధులు. కింద ఒకే వాక్యం: "పడవ నడిపేవాడు ఇవి లిసియా రాజుల సమాధులు అన్నాడు, నిజమేనా?" లిసియా అంటే టర్కీ దక్షిణ తీరంలోని ఒక పాత దేశం. కాదని ఒక్క మాటలో చెప్పేయవచ్చు. ఆ మాట ఎలా తేలుతుందో చెప్పాలంటే మాత్రం ఇంత రాయాల్సి వచ్చింది.

ఇది పురావస్తు శాఖ ఉద్యోగుల కోసం రాసింది కాదు. జోర్డాన్‌కో, టర్కీకో, కేరళకో వెళ్లినప్పుడు ఒక రాతి సమాధి ముందు నిలబడి, గైడు చెప్పింది విని ఊరుకోలేని వారి కోసం.

ముందుగా ప్రశ్నను విడగొట్టండి

"ఎవరిది" అనేది ఒక ప్రశ్న కాదు, నాలుగు ప్రశ్నలు. రాయి తొలిచిన పనివాళ్లు ఎవరు? తొలిపించిన యజమాని ఎవరు? ఆ పోలిక, అంటే ఆ చెక్కడపు రూపం, ఎక్కడ పుట్టింది? లోపల పడుకున్నది ఎవరు? ఈ నాలుగింటికీ ఒకే జవాబు వస్తుందనుకోవడమే మొదటి పొరపాటు. జోర్డాన్‌లోని పెట్రాలో ఒక సమాధి ఉంది. ఊరు నబాతియన్లనే పాత అరబ్బు జాతిది, చెక్కడం ఆ ఊరి పద్ధతిలోనే ఉంది, శాసనం మాత్రం లాటిన్‌లో ఉంది. అది సెక్స్టియస్ ఫ్లోరెంటినస్ అనే రోమన్ గవర్నరుది. క్రీ.శ. 120ల చివర్లో అరేబియా రాష్ట్రాన్ని పాలించినవాడు. శాసనం లేకపోయి ఉంటే అది ఒక రోమన్ అధికారి సమాధి అని ఎవరికీ తట్టేది కాదు.

కాబట్టి నోటు పుస్తకంలో ఒక పేజీని నాలుగు గడులుగా గీసుకోండి: పనివాళ్లు, యజమాని, పోలిక, లోపలివారు. దొరికిన ప్రతి ఆనవాలూ ఏ గడిలోకి వెళ్తుందో చూసి అక్కడే రాయండి. కొసదాకా ఏదో ఒక గడి ఖాళీగానే ఉండిపోవచ్చు. ఉండనివ్వండి.

1. అది సమాధేనా?

ఈ మెట్టు దాటేసినవాళ్లలో పెద్దపెద్దవాళ్లు ఉన్నారు. టర్కీ నడిబొడ్డున ఫ్రిజియన్ల దేశంలో కొండ ముఖాన చెక్కిన భారీ కట్టడం ఒకటుంది. 1800లో లీక్ అనే ఆంగ్లేయుడు దాన్ని చూశాడు. పైన మిడాస్ పేరు చెక్కి ఉండటంతో రాజుగారి సమాధి అనుకున్నాడు. తీరా చూస్తే వెనక శవం పెట్టే గదే లేదు. ఉన్నదల్లా ముందు ఒక గూడు, ఫ్రిజియన్లు కొలిచిన అమ్మవారి విగ్రహం నిలపడానికి.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే ఏలూరు జిల్లా గుంటుపల్లి. అక్కడ కొండలో తొలిచిన గుండ్రటి గుహ లోకప్పు మీద రాతి వాసాలు ఉంటాయి, పూరిపాక లోపల నిలబడి పైకి చూసినట్టే. రాతికి వాసాలతో పని లేదు. చెక్కతో కట్టడం అలవాటైన చేతులు రాతిలోనూ అదే చెక్కాయి. అది సమాధి కాదు, బౌద్ధుల చైత్యం. కొండలో తొలిచినంత మాత్రాన సమాధి కాదు అనడానికి అంతకంటే దూరం పోనక్కర్లేదు.

సమాధి అనడానికి చూడవలసినవి ఇవి. మనిషిని చాపి పడుకోబెట్టగల అరుగు గాని గుంట గాని సొరంగం గాని ఉందా? తలుపు వంగితే గాని దూరలేనంత చిన్నదా? దాని చుట్టూ మూత రాయి ఆనడానికి గాడి తీశారా? లోకప్పు మీది మసి, గోడకు తొలిచిన పశువుల తొట్టి, తలుపు పక్కన తర్వాత కొట్టిన కిటికీ కనబడితే ఆ సమాధిలో ఎప్పుడో మనుషులు కాపురమున్నారని అర్థం. వాటిని విడిగా రాసుకోండి, అవి తర్వాతి కథ.

2. ఊరివాళ్ల పేరును వినండి, నమ్మకండి

తెలంగాణ పల్లెల్లో పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులను రాకాసి గుళ్లు అంటారు. అవి గుళ్లు కావు, రాకాసులు కట్టలేదు. అంత బండలు మనుషులు ఎత్తలేరన్న ఆశ్చర్యం పేరుగా మారింది. గుంటుపల్లి గుహలోని స్తూపం కూడా ధర్మలింగేశ్వరుడై పూజలు అందుకుంది.

ఇదే పని లోకమంతా జరిగింది. ఇరాన్‌లో డేరియస్ చక్రవర్తి సమాధి ఉన్న కొండను నక్ష్-ఎ-రుస్తం అంటారు, అంటే రుస్తుం బొమ్మ. కథానాయకుడు రుస్తుంకు ఆ కొండతో సంబంధం లేదు. పెట్రాలోని ప్రసిద్ధ కట్టడం పేరు ఖజ్నా, ఫరో ఖజానా అని. లోపల బంగారం ఉందని నమ్మి పైన చెక్కిన రాతి కలశం మీద తుపాకులు పేల్చారు, ఆ గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. సైప్రస్‌లోని పాఫోస్‌లో రాజుల సమాధులు అనే చోట ఒక్క రాజునూ పూడ్చలేదు. అవి ఊరి పెద్దలవి, స్తంభాల ఠీవి చూసి జనం రాజులను చేసేశారు.

చదువుకున్నవాళ్లు ఇందుకు మినహాయింపు కాదు. జెరూసలేంలో రాజుల సమాధులు అనే చోట 1863లో ద సోసీ అనే ఫ్రెంచివాడు తవ్వించి, దావీదు వంశపు రాజుల సమాధి దొరికిందని ప్రకటించాడు. దొరికిన రాతి పెట్టె మీద ఒక రాణి పేరు రెండు లిపులలో ఉంది. నిజానికి అది మెసొపొటేమియా ఉత్తరాన ఉన్న అడియాబీని రాజకుటుంబానిది. ఆ రాణి హెలెనా యూదు మతం పుచ్చుకుని జెరూసలేంకు వచ్చింది, ఆమె కుటుంబ సమాధి గురించి యూదు చరిత్రకారుడు జోసెఫస్ క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. దావీదుకూ ఆమెకూ మధ్య వెయ్యేళ్ల దూరం. ద సోసీ మోసగాడు కాదు, తనకు కావలసిన జవాబు ముందే అనుకుని వెళ్లాడు, అంతే.

3. తాకకుండా నమోదు చేయండి

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు గాని, చేసేవాళ్లు తక్కువ. ఎదురుగా నిలబడి ఒక ఫొటో, పక్కనుంచి ఒకటి, కొండంతా కనబడేలా ఒకటి. ప్రతిదానిలో కొలత కోసం ఒక స్కేలో, కనీసం పెన్నో పెట్టండి. ఉదయం గాని సాయంత్రం గాని ఎండ ఏటవాలుగా పడినప్పుడు తీస్తే, మధ్యాహ్నం కనిపించని గీతలు పైకి తేలతాయి. గది లోపల ఫోను టార్చిని గోడకు ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి పట్టుకోండి. అక్షరాలు ఉన్నాయో లేవో ఆ పక్క వెలుతురులోనే తెలుస్తుంది.

అక్షరాల్లో సుద్ద నింపి ఫొటో తీసే అలవాటు కొందరికి ఉంది. చేయకండి. మీరు అక్షరమనుకున్న పగులు తర్వాత చూసేవారికి కూడా అక్షరంగానే కనిపిస్తుంది. నేల మీద దొరికిన పెంకు ముక్కను జేబులో వేసుకోవడం తప్పు, చాలా దేశాల్లో నేరం కూడా. అది పడి ఉన్న చోటే దాని విలువ.

4. రాయి ఏం చేయనిచ్చిందో చూడండి

సంస్కృతి అనుకున్నది కొన్నిసార్లు రాయి గుణం. కేరళలో త్రిశూర్ చుట్టుపక్కల చొవ్వన్నూర్, ఎయ్యాల్, కక్కాడ్ దగ్గరి గుహ సమాధులు లాటరైటు రాతిలో తొలిచినవి. ఆ రాయి కోసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. ఇటలీలో రోమన్లకు ముందటి ఎట్రస్కన్లు సెర్వెటెరి దగ్గర తొలిచిన టఫ్ రాయి (అగ్నిపర్వతపు బూడిద గట్టిపడ్డది) కూడా కొట్టడానికి సులువైనదే. పెట్రాది ఇసుకరాయి, నున్నగా చెక్కవచ్చు, వానకూ గాలికీ అరుగుతుంది. గ్రానైటులో అలాంటి నగిషీ చెక్కడం చాలా కష్టం. రెండు చోట్ల పోలిక కనబడితే ముందు రెండు చోట్లా రాయి ఒకటేనా అని అడగండి. గది గుండ్రటి కప్పుతో ఉందా చదునుగా ఉందా అన్నది కూడా కొన్ని సార్లు కప్పు కూలకుండా చూసుకున్న ఉపాయమే.

5. ముఖభాగాన్ని ముక్కలుగా విప్పండి

అందరూ ఇక్కడే మొదలుపెడతారు, నేను అయిదో మెట్టుదాకా ఆపాను. ముఖభాగం అనేది యజమాని లోకానికి చూపాలనుకున్న వేషం. వేషం చూసి ఊరు చెప్పలేం కదా.

సౌదీ అరేబియాలో అల్ ఉలా దగ్గరి హెగ్రాకు వెళ్లారనుకోండి. రియాద్‌లో, జెద్దాలో పనిచేస్తున్న తెలుగువాళ్లు ఇప్పుడు సెలవుల్లో అక్కడికి వెళ్లి వస్తున్నారు. 2008లో సౌదీ నుంచి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన మొదటి స్థలం. 111 పెద్ద సమాధులు ఉంటే, వాటిలో 94కి ముఖభాగం మీద అలంకారం ఉంది. ఏదో ఒక దాని ముందు నిలబడి పైనుంచి కిందికి చూపు దించండి.

అన్నిటికంటే పైన మెట్లు మెట్లుగా లేచి కిందికి దిగే పళ్ల వరస. అది మెసొపొటేమియా కోట గోడల మీది అలంకారం, అస్సీరియన్ల నాటిది. దాని కింద లోపలికి గుంటబారి మళ్లీ బయటికి వంగిన చూరు. అది ఈజిప్టు గుడుల పైఅంచు. ఇంకా కిందికి వస్తే పక్క స్తంభాల తలలు, ఆకులూ పువ్వులూ లేకుండా మూలల్లో కొమ్ముల్లా పొడుచుకొచ్చినవి. ఇవి మాత్రం నబాతియన్ల సొంతం, ఇంకెవరి దగ్గరా ఇంత నిక్కచ్చిగా కనిపించవు. తలుపు మీద త్రికోణపు ముఖం, దాని కింది పట్టీ గ్రీకులవి. ఒకే రాయి మీద నాలుగు దేశాలు.

పైనుంచి చదివితే అస్సీరియా, కిందనుంచి చదివితే గ్రీసు అన్న మాట. చేయవలసింది ఏమిటంటే, ఒక్కో భాగానికి రెండు విషయాలు రాసుకోవడం: ఇది మొదట ఎక్కడ పుట్టింది, ఈ కూర్పు ఇంకెక్కడ కనిపిస్తుంది. పుట్టిన చోటు పోలిక గడిలోకి వెళ్తుంది. యజమానిని పట్టిచ్చేది కూర్పే. ఈ నాలుగూ ఈ వరసలో కలిసేది పెట్రాలో, హెగ్రాలో, నబాతియన్లు తిరిగిన చోట్ల మాత్రమే.

ఒక పోలిక చూసి వారసత్వం అల్లేయకుండా రెండు ఉదాహరణలు గుర్తుంచుకోండి. ఈజిప్టులో బెనీ హసన్ దగ్గర 39 సమాధులు ఉన్నాయి. కొన్నింటి ముందున్న పదహారు పలకల స్తంభాలను చూసి ఈజిప్టు చిత్రలిపిని చదివిన షాంపోలియన్ వాటిని గ్రీకుల డోరిక్ స్తంభాలకు పూర్వరూపమని పేరు పెట్టాడు. అవి గ్రీకు స్తంభాల కంటే వెయ్యేళ్లకు పైగా పాతవి. అంటే వాటిని చూసి ఇది గ్రీకు పని అనేవాడు పూర్తిగా తలకిందులైనట్టే. రెండోది లిసియా. అక్కడ మైరా కొండ మీది సమాధుల్లో దూలాల కొసలు, కప్పు కింద వరసగా గుండ్రటి దుంగల చివర్లు, చెక్క అతుకులు అన్నీ రాతిలో ఉంటాయి. గుంటుపల్లిలో రాతి వాసాలు చూసినవారికి వెంటనే చుట్టరికం తోస్తుంది. లేదు. చెక్క ఇల్లు ఎక్కడుంటే అక్కడ దాని రాతి నకలు పుట్టవచ్చు.

6. లోపలికి వెళ్లండి, శవం ఎలా పెట్టారో చూడండి

వేషం మార్చినంత సులువుగా చావు ఆచారాన్ని ఎవరూ మార్చరు. నా లెక్కలో ముఖభాగం కంటే లోపలి అమరికకు రెండింతలు విలువ ఇవ్వాలి.

జెరూసలేం చుట్టూ రెండు కాలాల సమాధులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. యూదా రాజ్యం నాటి సమాధిలో, అంటే క్రీ.పూ. 8, 7 శతాబ్దాల్లో, చదరపు గదికి మూడు పక్కలా రాతి అరుగులు. కొన్నింటి మీద తల ఆనడానికి వంపు కూడా చెక్కి ఉంటుంది. అరుగు కింద ఒక గుంత. శవం అరుగు మీద ఎండి ఎముకలయ్యాక వాటిని కూడదీసి ఆ గుంతలో పూర్వీకుల ఎముకలతో కలిపేవారు. అరుగు మళ్లీ కొత్త శవానికి. కెటెఫ్ హిన్నోం అనే చోట 1979లో గాబ్రియెల్ బార్కే తవ్వినప్పుడు ఇలాంటి ఒక గుంత చెదరకుండా దొరికింది, అందులో చుట్టలు చుట్టిన చిన్న వెండి రేకులు, వాటి మీద ఆశీర్వచనం.

కొన్ని శతాబ్దాల తర్వాత, హేరోదు రాజు నాటికి, అంటే క్రీ.పూ. 1వ శతాబ్దానికి, గోడలోకి సన్నటి సొరంగాలు వచ్చాయి. రెండు మీటర్ల లోతు, ఒక్క శవం పట్టే వెడల్పు, పొయ్యిలో కట్టె దూర్చినట్టు తల ముందుగానో కాళ్లు ముందుగానో దూర్చేవారు. తర్వాత ఎముకలను సున్నపురాతి పెట్టెలో సర్దేవారు. సొరంగం ఒక్కటి చూసి యూదులదని చెప్పకండి. అలాంటివి అలెగ్జాండ్రియాలో ఉన్నాయి, పాల్మిరాలో ఉన్నాయి. ఆ సొరంగంతో పాటు ఎముకల రాతి పెట్టె కూడా ఉంటే అప్పుడు వలయం బాగా చిన్నదవుతుంది.

కేరళ గుహల్లో దారి వేరు. నేలలోకి చదరంగా తొలిచిన ముంగిలి, దిగడానికి మెట్లు, ఒకదానిలో ఒకటి పొదిగినట్టున్న చిన్న వాకిలి, లోపల అరుగు, కొన్నింటికి కప్పులో గుండ్రటి కన్నం. లోపల దొరికేవి నలుపు ఎరుపు కలిసిన కుండలు, ఇనుప వస్తువులు. వై.డి. శర్మ 1950లలో కొచ్చిన్ ప్రాంతపు గుహలను వరసగా కొలిచి రాశారు. ఆ కుండలే వీటిని దక్షిణాదంతా ఉన్న ఇనుప యుగపు బండ సమాధులతో కలుపుతాయి. రూపం వేరైనా లోపలి సరంజామా ఒకటే అన్నమాట.

కాబట్టి లోపల రాసుకోవలసినవి: అరుగులు ఎన్ని, ఎటు ముఖం, ఎంత పొడవు, తలగడ ఉందా, గుంత ఉందా, సొరంగాలు ఎన్ని, ఒక్కరికా కుటుంబానికా. తర్వాత కొట్టిన సొరంగం పాత అరుగును కోసేస్తే ఆ కోత కనిపిస్తుంది. ఏది దేనిని కోసిందో చూస్తే ఏది ముందో తెలిసిపోతుంది.

7. ఉలి గుర్తులు, సగంలో ఆగిన పనులు

గైడ్లు చూపించనిది, నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. పూర్తయిన సమాధి తన పని దాచుకుంటుంది, సగంలో ఆగినది అంతా చెప్పేస్తుంది. హెగ్రాలో విడిగా ఒక బండలో చెక్కిన ఖస్ర్ అల్ ఫరీద్ ముందు నిలబడండి. పైభాగం నున్నగా తేలింది. కిందికి వచ్చేకొద్దీ ఉలి గాట్లు ముతకబడతాయి, నేల దగ్గర రాయి ఇంకా మొద్దుగానే ఉంది. అంటే పని పైనుంచి కిందికి దిగింది. పనివాళ్లు కొండ తలమీద మొదలుపెట్టి, తాము నిలబడిన అంచునే కోసుకుంటూ దిగారు, కిందనుంచి కట్టెలు కట్టుకుని ఎక్కలేదు.

ఉలి గాటు రకం కూడా చూడండి. మొనదేలిన ఉలి విడి గుంటలు వదులుతుంది, చదును ఉలి నున్నటి పట్టీ వదులుతుంది. దువ్వెనలా పళ్లున్న ఉలి సమాంతరంగా గీతలు గీస్తుంది. ఈ పళ్ల ఉలిని గ్రీకు శిల్పులు క్రీ.పూ. 6వ శతాబ్దంలో వాడకంలోకి తెచ్చారు. ఆ శతాబ్దం ముగిసే వేళకు అది పర్షియాలో కూడా కనబడుతుంది. పళ్ల గీతలు కనబడ్డ రాయిని అంతకంటే పాతదనడానికి గట్టి కారణం కావాలి. ఈ ఆనవాళ్లన్నీ పనివాళ్ల గడిలోకి వెళ్తాయి. పనిముట్టు పనివాడితో పాటు ఊళ్లు తిరుగుతుంది, అది యజమాని జాతిని చెప్పదు.

8. శాసనం ఉంటే నాలుగు సార్లు చదవండి

లిపి ఒకటి, భాష ఒకటి, పేరు ఒకటి, చెక్కిన కాలం ఒకటి. నాలుగూ విడివిడిగా అడగండి.

హెగ్రాలో 30కి పైగా సమాధుల మీద శాసనాలు ఉన్నాయి. తేదీలున్నవి క్రీ.పూ. 1 నుంచి క్రీ.శ. 75 వరకు వస్తాయి. వాటి ధోరణి దస్తావేజు ధోరణి: ఇది ఫలానావాడి కొడుకు ఫలానావాడు తనకోసం, తన పిల్లలకోసం, వారి సంతతికోసం చేయించిన సమాధి. ఎవరైనా అమ్మినా, తాకట్టు పెట్టినా, పరాయి శవాన్ని పెట్టినా దుషరా దేవుడి శాపం, ఇన్ని సెలాల (వెండి నాణేల) జరిమానా. చివర ఫలానా హారితత్ రాజు ఏలుబడిలో ఇన్నో ఏడు. కొన్నింటి కింద చెక్కిన శిల్పి పేరు కూడా ఉంటుంది. యజమానుల్లో ఆడవాళ్లు తక్కువేమీ కాదు, క్రీ.పూ. 1 నాటి శాసనంలో యజమాని కంకం అనే స్త్రీ. మన శాసనాల చివర "ఈ ధర్మం చెరిపినవారు గంగ కరుత కవిలను చంపిన పాపాన పోదురు" అని చదివినవారికి ఈ శాపం ధోరణి కొత్తగా అనిపించదు.

ఆ హెగ్రాలోనే క్రీ.శ. 267 నాటి మరో శాసనం ఉంది, కొడుకు తల్లి రఖూష్‌కు కట్టిన సమాధి మీద. అక్షరాలు నబాతియన్, భాష చాలా మటుకు అరబ్బీ, పక్కన ఇంకో ఎడారి లిపిలో చిన్న పంక్తి. లిపి చూసి జాతి చెప్పేవారు దీని ముందు ఆగిపోవాలి.

పేర్లూ మోసం చేస్తాయి. ఇజ్రాయెల్‌లోని మరేషాలో 1902లో దొరికిన సమాధిలో గ్రీకు శాసనం ఉంది: సెస్మయోస్ కొడుకు అపొల్లోఫనెస్, మరేషాలోని సీదోనువారికి 33 ఏళ్లు పెద్దగా ఉన్నవాడు, 74 ఏళ్లకు పోయాడు. కొడుక్కి గ్రీకు పేరు, తండ్రి పేరు గ్రీకు కాదు, సీదోనువారంటే ఆ ఊళ్లో స్థిరపడ్డ ఫినీషియన్లు. ఒక్క తరంలో పేర్లు మారిపోయాయి. మూడు తరాల పేర్లు చూడకుండా ఎవరినీ ఏ జాతిలోనూ వేయకండి.

ఇంకొక మాట. శాసనం సమాధితో పాటే చెక్కారా, తర్వాతా? దానికోసం చదును చేసిన పలక ముఖభాగం కూర్పులో భాగమైతే పాటే చెక్కినట్టు. స్తంభాన్ని అడ్డంగా దాటుకుంటూ పోతే తర్వాతిది. జెరూసలేం పక్కన సిల్వాన్ వాలు మీద ఫరో కూతురి సమాధి అనేది ఒకటుంది. పైన ఈజిప్టు చూరు ఉండటంతో ఆ పేరు వచ్చింది. తర్వాతి కాలంలో లోపల మకాం పెట్టిన సన్యాసి తలుపు పెంచుకోవడానికి శాసనాన్ని కొట్టేశాడు. చివర మిగిలిన అక్షరం తునకలు పాత హీబ్రూ. ఈజిప్టు వేషం వేసుకున్నది యూదా రాజ్యపు పెద్దమనిషి. అదే వాలు మీద 1870లో దొరికిన మరో శాసనం చదవడానికి 1953 దాకా పట్టింది. అవిగద్ అనే పండితుడు చదివిన ఆ వాక్యాల సారం: ఇక్కడ వెండి లేదు, బంగారం లేదు, నా ఎముకలూ నా దాసి ఎముకలూ తప్ప. తెరిచినవాడు శాపగ్రస్తుడు. రాసినది రాజగృహ నిర్వాహకుడు. పేరు చివర "యాహు" అన్న అక్షరాలే మిగిలాయి.

9. ఎముకలు, కుండలు చెప్పే తేదీని సమాధి తేదీ అనుకోకండి

రేడియోకార్బన్ పరీక్ష ఆ ఎముక ఎప్పటిదో చెబుతుంది, రాయి ఎప్పుడు తొలిచారో కాదు. పంటిలోని స్ట్రాన్షియం పరీక్ష ఆ మనిషి చిన్నప్పుడు ఏ నేల మీద తిని తాగాడో చెప్పగలదు, లోపలివారి గడికి దానికంటే మంచి సాక్షి లేదు. కానీ ఖాళీ చేసిన సమాధిని వందేళ్ల తర్వాత ఇంకో కుటుంబం వాడుకోవడం మామూలు విషయం. పెట్రాలో కలశం సమాధి అనేదాన్ని క్రీ.శ. 446లో చర్చిగా మార్చారు, ఆ సంగతి లోపలి గోడ మీద గ్రీకులో రాసిపెట్టారు. నక్ష్-ఎ-రుస్తం దగ్గర డేరియస్ సమాధి కింద చెక్కిన పెద్ద బొమ్మలు సాసానియన్ రాజులవి, ఏడు వందల ఏళ్లకు పైగా తర్వాతివి. ఒకే కొండ, రెండు వంశాలు. పైదాని మీద డేరియస్ తన పేరు పాత పర్షియన్, ఎలమైట్, బాబిలోనియన్ భాషలు మూడింటిలో చెక్కించాడు కాబట్టి సరిపోయింది. పక్కనే ఉన్న మరో మూడు రాజ సమాధుల మీద పేర్లు లేవు, వరస చూసి ఊహించుకోవలసిందే.

పొరుగును కూడా చూడండి. సమాధి ఊరి గోడ బయటుందా, దారి పక్కన ఉందా, నదికి ఎదురుగా ఉందా, పక్క సమాధులు దీనిని అనుకరించాయా? ఒంటరి సమాధి కంటే వరసలోని సమాధి ఎక్కువ మాట్లాడుతుంది.

10. డాల్యాన్ సమాధులను నాలుగు గడుల్లో పెడితే

ఇప్పుడు మిత్రుడి ఫొటో తీసుకుందాం. నది అవతలిది కౌనోస్ అనే పాత రేవు పట్టణం. కొండ మీది సమాధులు క్రీ.పూ. 4వ శతాబ్దానివి.

పోలిక గడి: ముందు రెండు స్తంభాలు, చుట్టలు చుట్టిన తలలు, పైన త్రికోణం. గ్రీకుల అయోనిక్ గుడి ముఖం. ఇందులో అనుమానం లేదు.

పనివాళ్ల గడి: వాటిలో అతిపెద్దది సగంలో ఆగిపోయింది. పైభాగం మాత్రమే తేలింది, కింద కొండ అలాగే ఉంది. ఇక్కడా పైనుంచే దిగారు. అంతకంటే ఎక్కువ రాయను.

యజమాని గడి: కౌనోస్ లిసియాలో లేదు, దాని పడమటి పొరుగు దేశం కారియాలో, సరిహద్దు పక్కన ఉంది. అక్కడివారు తాము క్రీటు నుంచి వచ్చామని చెప్పుకుంటారని, తనకు మాత్రం వాళ్లు అక్కడే పుట్టినవాళ్లుగా కనిపిస్తారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. వాళ్ల ఆచారాలు కారియన్లకూ వేరే, అందరికీ వేరే అని కూడా అన్నాడు. 1996లో ఆ ఊళ్లోనే కారియన్, గ్రీకు భాషలు రెండూ ఉన్న శాసనం దొరికింది. కారియన్ లిపిని చదివిన పద్ధతి సరైనదేనని దానితోనే ఖాయమైంది. ఊరు తన పని తన భాషలో, గ్రీకులో కూడా జరుపుకొనేది అన్నమాట. సమాధుల యజమానులు ఆ పట్టణపు ధనవంతులు. రాజులనడానికి ఆధారం లేదు.

లోపలివారి గడి: లోపల మూడు గోడలకు ఆనుకుని శవాన్ని పెట్టే అరుగులు. కుటుంబ సమాధి అని రాస్తాను, పేర్లు రాయను.

పడవవాడిని తప్పు పట్టడానికి లేదు. తూర్పున లిసియాలో, ఇప్పటి ఫెతియే ఊరి కొండ మీద, ఇదే అయోనిక్ ముఖంతో ఒక సమాధి ఉంది. పక్క స్తంభం మీద గ్రీకు అక్షరాలు, "హెర్మపియాస్ కొడుకు అమింతాస్" అని. ఆ గుడి ముఖం సరిహద్దుకు ఇరువైపులా చెల్లింది. ఫెతియేలో ఆ సమాధి చుట్టూ దూలాల కొసలతో చెక్కిన లిసియా ఇళ్ల సమాధులు కూడా ఉన్నాయి. కౌనోస్ కొండ మీద ఆ చెక్క ఇళ్ల నకళ్లు కాదు, గుడి ముఖాలు వరస కట్టాయి.

మిత్రుడికి ఇలా రాసి పంపాను: "కౌనోస్ పట్టణపు పెద్దలవి, కారియా. వేషం గ్రీకు. లిసియా పక్కిల్లు. రాజులెవరూ లేరు. అవకాశం ఉంటే సగంలో ఆగిన పెద్దదాన్ని దగ్గరగా, సాయంత్రం ఎండలో ఇంకో ఫొటో తీసి పంపండి, ఉలి గాట్లు చూడాలి."